సణిగే చైను, సణగని బెల్టు

విజయవాడ ఆటోనగర్లో 1971లో, పద్నాలుగేళ్ళ వయసులో, పానాలు తుడిచే పనికి చేరాను. 1984లో సొంత షెడ్డు పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని మా చిన్నవాడు చూసుకుంటున్నాడు. నేను పొద్దున పూట కుర్చీ వేసుకుని కూర్చుంటాను, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇప్పిస్తాను, అడిగితే రెండు మాటలు చెబుతాను. కొత్తగా పనిలో చేరిన పిల్లలూ, పాత కారు కొనుక్కున్న పిల్లలూ అడిగేది ఒకటే: "తాతగారూ, బెల్టు ఇంజన్ మంచిదా, చైను ఇంజన్ మంచిదా?" ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేయొచ్చు. నాకూ మొదట్లో ఒక్క మాటలోనే చెప్పారు. దాన్నే పట్టుకుని ఎన్ని తప్పులు చేశానో కూడా చెప్పాలి కదా, అందుకే ఇది.

1. చైను సణుగుతుంది, బెల్టు సణగదు.

మా గురువుగారు అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మనిషి. ఆ ఇంజన్లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు కిందనే, పిస్టన్లు తిప్పే క్రాంకుకు జానెడు దూరంలో ఉంటుంది. రెండింటినీ కలిపేది ఒక పొట్టి చైను. ముందున్న రేకు కవరు వెనకాల ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. ఆయన పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఆ కవరుకు ఆనించి, చెక్క పిడిని నా చెవికి ఆనించి, కళ్ళు మూసుకోమనేవారు. "ఏం వినపడుతోందిరా?" "గలగలమంటోంది గురువుగారూ." "ఎలాంటి గలగల? ఎండు చింతకాయలు ఊపినట్టుంటే ట్యాపెట్లు. నూతి గిలక మీద గొలుసు జారినట్టుంటే చైను." మూడేళ్ళు ఇదే చదువు. అరిగిన చైను నెలల ముందు నుంచే చప్పుడు చేసి చెబుతుంది. వినేవాడుంటే చాలు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అది మా షెడ్డు దాకా రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. ముందు కవరు తీస్తే లోపల పళ్ళున్న నల్ల రబ్బరు బెల్టు! నవ్వాను. "పిండిమర బెల్టు తెచ్చి కారుకు తగిలించారు" అన్నాను. పక్క షెడ్డువాళ్ళను పిలిచి మరీ చూపించాను. ఆ పళ్ళ బెల్టు 1940ల్లో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం పుట్టిందనీ, 1962లోనే గ్లాస్ 1004 అనే జర్మన్ కారులో పనికొచ్చిందనీ, 1966 నుంచి ఫియట్ వాళ్ళు రెండు క్యామ్‌ల ఇంజన్లలో వాడుతున్నారనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. క్యామ్ షాఫ్టు హెడ్డు మీదికి ఎక్కేసరికి క్రాంకుకు దూరమైంది. అంత దూరం చైను వెయ్యాలంటే బరువు, చప్పుడు, దానికి ఆయిల్ ఏర్పాటు. బెల్టయితే తేలిక, చవక, పొడిగా తిరుగుతుంది, చప్పుడుండదు.

ఆ చప్పుడు లేకపోవడాన్ని నేను సుగుణం అనుకున్నాను. చెవితో నేర్చుకున్న నా చదువు ఆ బెల్టు ముందు ఎందుకూ పనికిరాదని తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

2. ఒకే గదిలో ఇద్దరుంటే వంతులు తప్పకూడదు.

మా ఆటోనగర్లో లేత్ పనివాళ్ళు ఒక్క మంచం గదిని ఇద్దరు అద్దెకు తీసుకునేవారు. పగటి డ్యూటీవాడు వచ్చే వేళకు రాత్రి డ్యూటీవాడు లేచి వెళ్ళాలి. ఇంజన్లో వాల్వూ పిస్టనూ కూడా అలాంటి అద్దెవాళ్ళే. వాల్వు కిందికి దిగి వచ్చే చోటికే పిస్టను పైకి వస్తుంది, కాకపోతే వేరే వేళకు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. నిమిషానికి 3,000 చుట్ల మీద పోతున్న ఇంజన్లో ఒక్కో వాల్వు సెకనుకు పాతికసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంత లెక్క తప్పకుండా చూసేది ఆ చైనో, ఆ బెల్టో. లారీ ఇంజన్లలో ఈ పని పళ్ళ చక్రాలకే అప్పగిస్తారు. వాటి సంగతి వేరు, వాటి చప్పుడూ వేరు.

బెల్టు తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పిస్టన్లు ఆగవు. కొన్ని ఇంజన్లలో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నా పిస్టను తగలనంత చోటు వదిలి ఉంటారు. అలాంటి వాటిలో బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతే. మిగతా వాటిలో అంత చోటుండదు. డీజిల్‌లో అసలుండదు. గాలిని ఇరవయ్యో వంతుకు కుదించాల్సిన చోట ఖాళీ ఎక్కడ మిగులుతుంది?

నా ఖర్మ కొద్దీ మొదట్లో నా దగ్గరికొచ్చిన రెండు మూడు తెగిన బెల్టులూ చోటున్న ఇంజన్లవే. కొత్త బెల్టు వేశాను, క్యామ్, క్రాంకు చక్రాల మీది మార్కులు కలిపాను, స్టార్టయింది. దాంతో "తెగితే ఏముందండీ, రేపు సాయంత్రానికి బండి తీసుకెళ్ళండి" అనడం అలవాటైంది. పదహారు వాల్వుల పెట్రోలు కారు ఒకటి వచ్చినప్పుడు కూడా ఫోన్లో ఆ మాటే అన్నాను. హెడ్డు దించి చూస్తే వాల్వులు గాలివానకు ఒరిగిన అరటి తోటలా ఉన్నాయి. రేపన్న బండి పదకొండు రోజులకు బయటికి వెళ్ళింది. ఇంజన్ ఏ రకమో తెలుసుకోకుండా ధైర్యం చెప్పకూడదు.

3. కంటికి బాగుంటే బాగున్నట్టు కాదు.

ఇది నన్ను ఇప్పటికీ వదలని సంగతి. కంకిపాడు కుర్రాడొకడు ఫైనాన్సు మీద పాత డీజిల్ కారు కొని టాక్సీ తిప్పేవాడు. నన్ను బాబాయ్ అని పిలిచేవాడు. శ్రావణమాసం ఇంకో వారం ఉందనగా వచ్చి, "పుస్తకంలో బెల్టు మార్చమని ఉంది బాబాయ్, మార్చాలంటావా?" అన్నాడు. బెల్టూ, దాన్ని బిగించి ఉంచే టెన్షనరూ, కూలీ కలిపి మూడున్నర వేలు. ఆ నెల వాయిదా కట్టడానికే వాడు తడుముకుంటున్నాడని నాకు తెలుసు.

పై కవరు తీశాను. ఇంజన్ చేత్తో తిప్పుతూ బెల్టు అంతా చూశాను. పళ్ళ మొదళ్ళలో ఒక్క పగులు లేదు. వెనక వైపు నునుపుగా ఉంది. పాత కాలం బెల్టులయితే ముసలివాళ్ళ మడమల్లా పగుళ్ళు తేలేవి, చూడగానే తెలిసేది. తర్వాత వచ్చిన బెల్టుల రబ్బరు మేలు రకం, తొందరగా పగలదు. లోపల బలమంతా గాజు నార తీగలది. అవి ఒక్కొక్కటే తెగిపోతున్నా పైన రబ్బరు నిగనిగలాడుతూనే ఉంటుంది. నా కంటికి తెలిసింది పాత బెల్టు. నేను చూస్తున్నది కొత్త బెల్టు. "ఇంకో పదివేలు తిరుగుతుందిరా. సీజన్ అయ్యాక రా" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేనేదో సాయం చేశాననుకున్నాను.

మూడు వారాలకు, కొత్త దంపతులను అన్నవరం వ్రతానికి తీసుకెళ్తుంటే, జగ్గంపేట దాటాక తెల్లవారుజామున తెగింది. పెళ్ళివారు వేరే బండి మాట్లాడుకుని వెళ్ళిపోయారు. బండి లాక్కొచ్చి హెడ్డు దించితే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయాయి. రెండు పిస్టన్ల నెత్తిన గాట్లు. నా కూలీ వదులుకున్నా బిల్లు 26,000 దాటింది. సీజనంతా బండి షెడ్డులోనే గడిచింది. వాయిదాలు తప్పాయి. దీపావళిలోపే కారు అమ్ముకుని వేరేవాళ్ళ బండికి డ్రైవరుగా వెళ్ళాడు.

ఒక్క మాట అనలేదు నన్ను. "నా టైము బాగాలేదు బాబాయ్" అన్నాడు. వాడి టైము బాగానే ఉంది. చెప్పాల్సిన టైములో నేను చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి బెల్టును చూసి తీర్పు చెప్పడం మానేశాను. చాలా కార్ల పుస్తకాల్లో 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె ఉంటుంది. పక్కనే ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది. రెంటిలో ఏది ముందొస్తే అదే గడువు. ఏళ్ళ లెక్క ఎందుకని అడుగుతారు. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతుంది. మా బెజవాడ మే నెల దానికి మరీ చేటు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగి ఉన్నంత సేపూ కిలోమీటర్లు కదలవు, బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ముందు సీలు నుంచి ఆయిల్ చెమ్మ తగులుతుంటే ఆ అంకెను కూడా నమ్మొద్దు. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడి పళ్ళు ఊడతాయి.

4. ఆగిన బండికి ఊరికే సెల్ఫ్ కొట్టకు.

నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగి, సెల్ఫ్ కొడితే ఎప్పటిలా ఆయాసపడకుండా గిర్రున ఒకే తీరుగా తిరిగిందా, చెయ్యి తీసెయ్. కంప్రెషన్ లేదన్నమాట. బెల్టు పోయి ఉండొచ్చు. మనవాళ్ళు బ్యాటరీ అయిపోయేదాకా కొడతారు, ఆపైన నలుగురిని పిలిచి తోయిస్తారు. వాల్వు ఒకటి వంగిన చోట నాలుగు వంగుతాయి.

5. ఒకసారి విప్పిన చోట పాతది వదలకు.

చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ టైమింగ్ బెల్టే. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరుకూ, దారి మళ్ళించే ఐడ్లరుకూ లోపల బేరింగులుంటాయి. బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అవీ అన్నే తిరిగాయి. ఒక లెక్చరరు గారి కారుకు బెల్టు మారుస్తూ, పంపు చేత్తో తిప్పి చూసి, "బానే ఉందండీ, డబ్బు దండగ" అన్నాను. ఆయన సంతోషించారు. నాలుగు నెలలకు పంపు బేరింగు పట్టేసింది, కొత్త బెల్టును తినేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. ఆయన లెక్కల మేష్టారు. నేను మిగిల్చిన 900 రూపాయలు ఎంతయి కూర్చుందో కాగితం మీద వేసి చూపించారు. కోప్పడి ఉంటే బాగుండేది.

6. స్టార్టు చేసే ముందు చేత్తో రెండు చుట్లు తిప్పు.

మార్కులు కలిపి బెల్టు తొడిగాక, క్రాంకు బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కుకే నిదానంగా రెండు చుట్లు తిప్పాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితేనే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది, మార్కులన్నీ మళ్ళీ ఎదురెదురుగా వస్తాయి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలిందంటే ఆగిపోవాలి, బలవంతం చెయ్యకూడదు. అయిదు నిమిషాల పని. ఇది నేను ఎందరికో నేర్పాను.

నేర్పినవాడినే ఒక శనివారం రాత్రి మానేశాను. పదిన్నరయింది, కరెంటు పోయి వచ్చింది, కారు మనిషి తెల్లారి హైదరాబాదు వెళ్ళాలని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బెల్టు తొడిగాను, టెన్షనరు బిగించాను, తాళం తిప్పాను. పెద్ద చప్పుడు కూడా కాలేదు. టిక్కుమని ఒక చిన్న శబ్దం, తర్వాత ఇంజన్ ఒక కాలు కుంటుతున్నట్టు తిరిగింది. క్యామ్ రెండు పళ్ళు తప్పి ఉంది.

తప్పు అది కాదు. అలాంటిది ఎవరికైనా జరుగుతుంది. "మీ వాల్వులు ముందే దెబ్బతిని ఉన్నాయండీ, ఎందుకైనా మంచిది హెడ్డు దించి చూడాలి" అన్నాను. అతను నమ్మాడు. సగం డబ్బు ఇచ్చాడు. తీసుకున్నాను. పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి పదిహేనేళ్ళు. వాడు నా చేతుల వైపు చూడలేదు, మొహంలోకి చూశాడు. వాడిప్పుడు గుంటూరులో సొంత షెడ్డు నడుపుతున్నాడు. పండక్కి వస్తాడు, కాళ్ళకు దణ్ణం పెడతాడు. ఆ రాత్రి సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ కారు మనిషికి డబ్బు తిరిగి ఇవ్వాలని నేను అనుకునేసరికి అతను లేడు.

7. చైను ఇంజన్ అంటే చూడక్కర్లేని ఇంజన్ కాదు.

2008 నుంచి మారుతిలో కె సిరీస్ ఇంజన్లు వచ్చాయి, హ్యుందాయ్‌లో కప్పా వచ్చింది. చిన్న డీజిళ్ళలో ఫియట్ 1.3 మల్టీజెట్ అప్పటికే ఊరంతా తిరుగుతోంది. అన్నీ చైన్లే. నా పాత స్నేహితుడు తిరిగి వచ్చాడనుకున్నాను. "ఇది చైను కారండీ, జన్మకు చూసుకోనక్కర్లేదు" అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

వచ్చింది పాత స్నేహితుడు కాదు. అంబాసిడర్ చైను జానెడు. ఇది క్రాంకు నుంచి హెడ్డు నెత్తి దాకా ఎక్కి దిగాలి. పక్కన ప్లాస్టిక్ గైడ్లు, వెనకనుంచి ఆయిల్ ప్రెషరుతో నెట్టే టెన్షనరు. చైను సాగింది అంటాం గానీ ఇనుము సాగదు. ఒక్కో కీలులో పిన్నూ, దాని చుట్టూ ఉన్న బుష్షూ అరుగుతాయి. కీలుకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అరిగినా వంద కీళ్ళకు అయిదు మిల్లీమీటర్లు. అందులో లాగే వైపు పడిన మేరకు క్యామ్ వెనకబడుతుంది, బండికి ఊపు తగ్గుతుంది.

కీలు అరగకుండా కాపాడేది ఆయిల్ ఒక్కటే. బెల్టుకు ఆయిల్ తగిలితే చావు, చైనుకు ఆయిల్ అందకపోతే చావు. ఆయిల్ మార్చడం ఆలస్యమైతే అది మసి కలిసి నల్లబడుతుంది, ఆ మసే కీళ్ళను అరగదీస్తుంది, టెన్షనరు రంధ్రాల్లో చేరి దాన్ని మొండికెత్తిస్తుంది. "చూసుకోనక్కర్లేదు" అని నేనన్న మాటను కొందరు ఆయిల్‌కు కూడా పట్టించారు. తప్పు వాళ్ళది కాదు. చైను మార్చాలంటే ఇంజన్ ముందు భాగమంతా విప్పాలి. చైను, గైడ్లు, టెన్షనరు, చక్రాలు కలిపితే బెల్టు ఖర్చుకు నాలుగింతలు అవుతుంది. బెల్టువాడు గడువుకు చిన్న బిల్లు కడతాడు. చైనువాడు ప్రతి ఆయిల్ మార్పుకూ కొంచెం కొంచెం కడుతున్నట్టే, ఎగ్గొడితే వడ్డీతో సహా ఒకేసారి కడతాడు. ఈమధ్య ఆయిల్లోనే మునిగి తిరిగే బెల్టులు కూడా వచ్చాయి. వాటి మీద మాట్లాడేంత అనుభవం నాకు లేదు, మా చిన్నవాణ్ణి అడగండి.

8. రాసిపెట్టు.

బెల్టు మార్చిన తేదీ, మీటరు అంకె ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించు. పాత కారు కొన్నప్పుడు ఆ కాగితం లేకపోతే బెల్టు మార్చలేదనే అనుకో. అమ్మేవాడి నోటి మాట మీద పోకు, మీటరు మీద అసలు పోకు, వెనక్కి తిప్పడం ఎంతసేపు? కొన్ని డీజిల్ బళ్ళకు డ్యాష్‌బోర్డు మీద టి-బెల్ట్ అని దీపం ఉంటుంది. అది బెల్టును చూసి వెలగదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది. బెల్టు మార్చకుండా దాన్ని ఆర్పేసి అమ్మినవాళ్ళను కూడా చూశాను. మొదటి ఇరవై ఏళ్ళు నేనేదీ రాయలేదు, అన్నీ గుర్తుంటాయనుకున్నాను. కంకిపాడు కుర్రాడి కారు తర్వాత నోటుపుస్తకం కొన్నాను. అందులో మొదటి పేజీలో వాడి బండి నంబరే ఉంది.

9. చెవి కూడా అరుగుతుంది.

మా ఇంట్లో కారు చైను ఇంజనే, పన్నెండేళ్ళు దాటింది. గ్రైండర్ల మధ్య యాభై ఏళ్ళు గడిపినందుకు నా కుడి చెవి పోయింది, ఎడమది సగం. పోయిన నెల చలి పొద్దున మనవడు కారు స్టార్టు చేసి దిగి, "తాతయ్యా, ముందువైపు ఏదో మోగి ఆగింది" అన్నాడు. నాకేమీ వినపడలేదు. "ఎంతసేపు?" అన్నాను. "రెండు మూడు సెకన్లు." రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్లో టెన్షనరుకు ఆయిల్ అందేదాకా వదులు చైను కవరుకు కొట్టుకునే చప్పుడు అది. సెకనులోపు అయితే ఊరుకోవచ్చు. మూడంటే ఊరుకోకూడదు.

మర్నాడు పొద్దున వాణ్ణి తాళం తిప్పమని, గురువుగారి నాటి స్క్రూడ్రైవరు కవరుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, నూతి గిలక మీద గొలుసు. సామాన్లు తెప్పించాం. వచ్చే సోమవారం విప్పుతున్నాం. పానా వాడే పడతాడు. రెండు చుట్లు కూడా వాడే తిప్పుతాడు. నేను మార్కులు చూస్తాను.